కెంపమ్మగారి ఓటు

సుందరి కొత్తకోడలై ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డ రోజున, ఆడపడుచులు వరసకట్టి అడ్డం నిలబడ్డారు. మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమన్నారు. గుడివాడలో పుట్టి, బందరు కాలేజీలో బి.ఏ. చదివిన పిల్ల. సిగ్గుపడుతున్నట్టు కాసేపు తల వంచుకుని, "మాణిక్యరావుగారూ నేనూ వచ్చామండీ, దారివ్వండి" అని గలగలా చెప్పేసింది. అందరూ గొల్లుమన్నారు. పెళ్ళికొడుకు చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఆ చెవులు చూసి సుందరి లోలోపల మురిసిపోయింది.

అత్తగారు సీతామహాలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు. హారతి పళ్ళెం పక్కన పెట్టి, "ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్ళీ ఆ పేరు నీ నోట రాకూడదు" అంది.

ఆ ఇంట్లో కొన్ని మాటలు వాడరని సుందరికి మెల్లగా తెలిసింది. పేరులో ఉన్న మాట మామూలుగా కూడా అనకూడదట. కాబట్టి ఆమెకిక మాణిక్యం లేదు. అమ్మ పెట్టిన ఉంగరంలోని రాయిని కెంపు అనాలి. అత్తగారి బాధ అంతకంటే పెద్దది. చనిపోయిన మామగారి పేరు కృష్ణమూర్తి. దివిసీమలో, చుట్టూ కృష్ణ పాయలున్న లంక ఊళ్ళో కాపురం చేస్తూ ఆవిడ కృష్ణ అనకుండానే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. నదిని ఏరు అంటుంది. కృష్ణాష్టమిని ఉట్ల పండగ అంటుంది. కృష్ణా జిల్లా ఆవిడకు మన జిల్లా. ఇదంతా సుందరికి వేడుకగా ఉండేది. రాత్రిపూట దిండులో మొహం దాచుకుని నవ్వుతూ భర్తకు చెప్పేది.

ఒకరోజు వంటింట్లో కంద చెక్కుతూ అత్తగారు చెప్పిన మాటతో ఆ నవ్వు ఆగిపోయింది.

"మొట్టమొదటి ఓట్లప్పుడు, జాబితాలో పేర్లు రాసుకునే ఆయన వీధరుగు మీద కూర్చుని, నీ భర్త పేరేమిటమ్మా అన్నాడు. పక్కింటావిడ చేత చెప్పించాల్సింది. ఓటు వస్తుందన్న సంబరంలో నేనే అనేశాను. ఆ దసరా దాటలేదు, ఆయనకు కామెర్లు వచ్చి పోయారు." ఆవిడ కత్తిపీట మీంచి కళ్ళెత్తలేదు. "నువ్వు చదువుకున్నదానివి. నవ్వుకో. కానీ అనకు."

సుందరి నవ్వలేదు. కామెర్లు పేర్ల వల్ల రావని ఆమెకు తెలుసు. ఆ పూట మాస్టారైన భర్త బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే మాత్రం నాలుగుసార్లు వీధిలోకి తొంగిచూసింది.

ఆ ఏడే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆడవాళ్ళకని ఒక స్థానం ఉంచితే ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు మాణిక్యమ్మగారు వచ్చి సుందరిని అడిగింది. మాణిక్యమ్మగారంటే ఆ ఊళ్ళో సొంతంగా వ్యవసాయం చేయించుకునే విధవరాలు. అప్పటికే తన వార్డులో మగవాడి మీద పోటీకి దిగి ఉంది. సుందరికి పోటీ లేకపోయింది. మాణిక్యమ్మగారు నెగ్గింది. ఇక సభ్యులు ఏడుగురూ కూర్చుని తమలో ఒకరిని సర్పంచిగా ఎన్నుకోవాలి. ఒకవైపు మాణిక్యమ్మగారు. ఇంకోవైపు రైసుమిల్లు రామబ్రహ్మంగారు.

రేవు వేలంపాట ఎప్పుడూ రామబ్రహ్మంగారిదే. పడవా ఆయనదే. దాని అడుగున కొబ్బరిపీచు కుక్కి తారు పూసిన అతుకులు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను సర్పంచినైతే ముందు కొత్త పడవ, తర్వాతే ఏదైనా అంది మాణిక్యమ్మగారు. సుందరి ఆ మాటకే ఆవిడ వైపు మొగ్గింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ పడవెక్కినప్పుడు, పాదాల కింద నీళ్ళు ఊరుతుంటే, పట్టుచీర కుచ్చిళ్ళెత్తి పట్టుకుని వణుకుతూ కూర్చున్నది ఆమెకింకా గుర్తు.

ఎన్నిక నాడు పొద్దున్నే మాణిక్యరావు గుడివాడ వెళ్ళాడు. సుందరి నాన్నగారు వాళ్ళకని కొన్న రేడియో తేవడానికి. "సాయంత్రం పాటలకల్లా ఇంట్లో ఉంటాను" అన్నాడు. సుందరి రేడియో పెట్టడానికి గూడు తుడిచి, దానికో కుట్టుపని గుడ్డ పరిచి, రెండుసార్లు సరిచూసుకుని మరీ పంచాయతీ ఆఫీసుకు బయల్దేరింది.

అప్పటికి గాలి మొదలైంది. మంగినపూడి వైపు నుంచి సముద్రపు గాలి. ఆఫీసు కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఆ కిటికీలోంచి రేవు కనబడుతుంది.

"చేతులెత్తితే చాలు" అన్నాడు ఎన్నిక జరపడానికి వచ్చిన ఆఫీసరు.

"అలా కాదండీ" అన్నాడు రామబ్రహ్మంగారు, కండువా సర్దుకుంటూ. "చెయ్యెవరికెత్తారో తర్వాత తగువులు. లేచి నిలబడి, ఫలానావారికి అని నోటితో పేరు చెప్పాలి. దాపరికం ఎందుకు?"

ఆయన సుందరి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక గానీ సుందరికి అర్థం కాలేదు. ఆ పేరును ఇన్నాళ్ళూ పెద్దమ్మగారూ అని పిలుస్తూ దాటేసింది. మాణిక్యమ్మ అనకుండా ఓటెలా వెయ్యడం? అందులో సగం తన భర్తే.

ఆఫీసరు సరేనన్నాడు. ఒక్కొక్కరూ లేచారు. రామబ్రహ్మంగారికి మూడు. ఏసుబాబు లేచి, "మాణిక్యమ్మగారికండీ" అన్నాడు. ఇంకొకాయన, తర్వాత మాణిక్యమ్మగారు. మూడూ మూడూ అయ్యాయి.

"ఏమ్మా, మాస్టారి భార్యా, నీదే మిగిలింది" అన్నాడు రామబ్రహ్మంగారు.

సుందరి లేచింది. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పు తెచ్చుకున్న పిల్ల, ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆవిడకేనండి."

"ఎవరావిడ? పేరు చెప్పాలమ్మా" అన్నాడు ఆఫీసరు, కలం ఎత్తి పట్టుకుని.

"అదేనండీ... మన..." సుందరి కళ్ళు మూసుకుంది. "కెంపమ్మగారికి."

ఒక్క క్షణం ఎవరికీ తట్టలేదు. తట్టాక గది దద్దరిల్లింది. ఏసుబాబు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కెంపమ్మ ఎవరో నా మీద పోటీ చెయ్యలేదే!" అన్నాడు రామబ్రహ్మంగారు, కళ్ళొత్తుకుంటూ. "రాయకండి సార్. అది చెల్లదు. సమానమొచ్చింది, చీటీ తీద్దాం."

మాణిక్యమ్మగారు నవ్వలేదు. దగ్గరకు వచ్చి సుందరి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే అమ్మాయ్, కూర్చో. నాకొక కుర్చీ కోసం పసుపుకుంకాలున్న పిల్ల అంత బెదిరిపోనక్కర్లేదు. చీటీ నాకే రావచ్చుగా."

సుందరి కూర్చోబోయింది. అప్పుడే కిటికీ రెక్క గోడకు కొట్టుకుని బార్లా తెరుచుకుంది. ఏరంతా సుళ్ళు తిరుగుతోంది. నడిమధ్యన పడవ. సరంగు గడ మీద పూర్తిగా వాలిపోయి ఉన్నాడు. ఇద్దరు మనుషులు వంగి డబ్బాలతో నీళ్ళు తోడి పోస్తున్నారు. ఇంకొకరి తల మీద నలుచదరపు మూట.

రేడియో.

రామబ్రహ్మంగారూ చూశాడు. "మీ మాస్టారు అందులోనే ఉన్నట్టున్నాడే. ఇలాంటి వేళ ఆ పేరు నోటికి తెచ్చుకోవడమెందుకమ్మా? నిమ్మళంగా కూర్చో."

సుందరి బల్ల అంచు వదల్లేదు. కామెర్లు, దసరా, అత్తగారి కత్తిపీట, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. కూర్చుంటే ఆయన ఒడ్డు చేరతాడా? చేరతాడనుకుందాం. రేపు మళ్ళీ అదే పడవెక్కాలి. ఎల్లుండీ అదే. పిల్లలు పుడితే వాళ్ళూ అదే. అక్కడ నీళ్ళు తోడుతున్నది తను పేరు చెప్పినందుకు కాదు. ఆ చిల్లు ఎప్పటినుంచో ఉంది. ఈ మాట తనకు తానే చెప్పుకుంది, కానీ గుండె వినలేదు. అది అదురుతూనే ఉంది. అలా అదురుతుండగానే నోరు తెరిచింది.

"మాణిక్యమ్మగారికి."

ఆఫీసరు తలెత్తి చూశాడు.

"మాణిక్యమ్మగారికండీ. నా ఓటు. రాసుకోండి."

కలం కాగితం మీద గీసిన చప్పుడు వినేదాకా ఆగి, చెప్పులు కూడా మరిచిపోయి రేవుకు పరుగెత్తింది.

అక్కడ అత్తగారుంది. చీర చెంగు గాలికి ఎగిరిపోతుంటే పట్టించుకోకుండా, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఆఫీసు కిటికీ కింద గుమిగూడినవాళ్ళు కబురు అప్పుడే మోసేశారు.

"అన్నావా?"

సుందరికి అబద్ధం రాలేదు. "అన్నానండి అత్తయ్యగారూ."

ఆవిడ తిట్టలేదు. కొట్టినా బాగుండుననిపించింది సుందరికి. పడవ ఒక పక్కకు ఒరిగింది. అందులో ఎవరో అరిచారు. ఆ అరుపు ఎవరిదో గాలిలో తెలియలేదు. సుందరి చేతులు రెండూ చెవుల మీద పెట్టుకుంది. నా నోరు పడిపోనూ, నా నోరు పడిపోనూ అనుకుంది. ఇప్పుడు చదువూ లేదు, బి.ఏ.నూ లేదు.

అప్పుడు సీతామహాలక్ష్మమ్మ నడుం లోతుకు దిగి, రెండు చేతులూ చాచి, గొంతు చించుకుని అరిచింది.

"కృష్ణమ్మా! తల్లీ కృష్ణమ్మా! నా బిడ్డను ఒడ్డుకు తోయవే! కృష్ణమ్మా!"

సుందరి చెవుల మీంచి చేతులు తీసేసింది. ఆ పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. ఆవిడకు తను ఏమంటున్నదో తెలిసినట్టు లేదు. ఇద్దరూ కలిసి అదే పేరు అరవడం మొదలుపెట్టారు.

పడవ ఎప్పుడు రేవుకు తగిలిందో సుందరి చూడలేదు. కళ్ళు తెరిచేసరికి నిలువెల్లా తడిసిన మాణిక్యరావు ముందు నిలబడి ఉన్నాడు. తల మీద మూట, దానికి చుట్టిన అతని చొక్కా. "రేడియో తడవలేదు" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే. అతని చెవులు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. సుందరి ఏడుస్తూ ఆ చెవులకేసి చూసి నవ్వింది.

ముగ్గురూ ఇంటి దారి పట్టారు. దారిలో అతను అడిగాడు. "అన్నట్టు, ఎవరు గెలిచారు?"

సుందరి నోరు తెరిచి, అత్తగారి వైపు చూసింది.

"కెంపమ్మగారు" అంది మెల్లిగా.

అత్తగారు తడిచీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, వెనక్కి తిరగకుండానే అంది.

"ఆ పేరు చెల్లదన్నారటగా. సరిగ్గా చెప్పు."