కాప్రిస్ కారు అద్దంలో గ్రీసు

1997వ సంవత్సరం, ఎండాకాలం. గల్ఫులో, అల్ ఘర్రాఫాలోని విల్లా ముందు తిమ్మప్ప పొద్దున ఐదున్నరకే తెల్ల కాప్రిస్ కారు తుడిచేవాడు. నిన్న తుడిచిన దుమ్మే తెల్లారేసరికి మళ్ళీ వచ్చి కూర్చునేది. ఏసీ వేసి, సీట్లు చల్లబడ్డాక గేటు దగ్గర నిలబడేవాడు. ఇంటివాళ్ళమ్మాయి హెస్సా పుస్తకాల సంచీతో వచ్చి వెనక సీట్లో కూర్చునేది. ఆమెకు పద్నాలుగేళ్ళు. స్కూలు నలభై నిమిషాల దూరం. ఆ నలభై నిమిషాలూ పరీక్షల చదువే.

వెనక సీట్లో ఎవరైనా పైకి చదివితే, చదివింది కారు లోపలి అద్దంలో కనపడేది. ఆ కారు కొన్ననాటి నుంచీ అంతే. వెనక వచ్చే బండ్లు అందులో తెలియవు కాబట్టి ఇంటి యజమాని బాబా రెండు పక్కలా పెద్ద అద్దాలు బిగించి ఇచ్చాడు. తిమ్మప్ప వాటిని చూసుకుంటూ నడిపేవాడు.

ఆ ఏడు హెస్సాకు గ్రీసు చరిత్ర. ఇంగ్లీషులో చదివేది, పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో తిమ్మప్పకు రెండు ముక్కలు చెప్పేది. మొదట ఒక దీవిలో రాజభవనం కనపడింది. గోడల నిండా రంగులు. ముంగిట్లో కుర్రవాళ్ళు ఎద్దు మీదుగా పల్టీ కొడుతున్నారు. తర్వాత పెద్ద బండరాళ్ళ కోటలు, ఓడలు, సముద్రం అవతల ఊరి కోసం పదేళ్ళ యుద్ధం. ఒక పొద్దున టీవీ రౌండెబౌట్ కూడలి దగ్గర అన్నీ కాలిపోయి, అద్దంలో పొగ, నాలుగు మేకలు, మంట పక్కన పాడుకుంటున్న ఒక ముసలాయన మిగిలారు.

"ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళు వాళ్ళు రాయడం మర్చిపోయారు" అంది హెస్సా.

"అందరూనా? అందరూ నా మాదిరేనా?"

"అందరూ."

"మరి ఎట్ల బతికినారు?"

"నువ్వు ఎట్లా బతుకుతున్నావు?"

తిమ్మప్ప ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాడు. తర్వాత వాళ్ళు కొత్త అక్షరాలు తెచ్చుకున్నారని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఒలింపిక్ పరుగు పందెం వచ్చిన రోజు మాత్రం ఒంటి మీద గుడ్డ లేకుండా పరిగెత్తేవాళ్ళను చూసి గబుక్కున అద్దాన్ని పైకి తిప్పేశాడు. హెస్సా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఏథెన్స్ అనే ఊళ్ళో జనమే రాజులట. ఎవడైనా మరీ పెద్దవాడైపోతున్నాడనిపిస్తే అందరూ కుండపెంకుల మీద వాడి పేరు రాసి, పదేళ్ళు ఊరి బయటికి పంపేవాళ్ళట. ఈ సంగతి తిమ్మప్ప వంటింట్లో శ్యామలకు చెప్పాడు. శ్యామల గోదావరి జిల్లా మనిషి, ఆ ఇంట్లోనే పని.

"మరి మన పేర్లు ఏ పెంకు మీద రాశారంటావు అన్నయ్యా?"

"మనల్ని ఎవురూ రాయలా. మనమే లైన్లో నిలబడి వచ్చినాం."

తిమ్మప్పకు ఆ అద్దంలో చూడాలని ఉన్నది ఒక్కటే. రాయచోటి పక్క పల్లెలో ఉన్న భార్య ఆంజనమ్మ. ఆమెను చూసి రెండున్నర ఏళ్ళయింది. తను వచ్చాక పుట్టిన పాపను అసలు చూడనే లేదు. ఉత్తరాలన్నీ శ్యామలే చదివి పెట్టేది. మూడుసార్లు ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి చదివించాడు. అద్దంలో విల్లా గోడ, దాని మీద పిల్లి తప్ప ఏమీ కనపడలేదు.

"ఇంగ్లీషుకు కనపడతాది, అరబ్బీకి కనపడతాది. నీ గోదావరి యాసకు మా ఊరు ఎట్ల కనపడతాదిలే."

"అయితే నీ యాసలో నువ్వే చదువుకో. చదవడం రాదు గానీ వంకలకేం తక్కువ లేదు."

పట్టు వదలక పక్క విల్లా డ్రైవరు నాగూర్‌తో కూడా చదివించాడు. నాగూర్‌ది కడప. అప్పుడూ గోడే.

పాఠం సాగింది. పాలరాతి గుడి లేచింది. కొండవాలులో వేలమంది కూర్చుని నాటకం చూస్తూ ఏడ్చారు. ఊరికి మాయరోగం వచ్చి వీధుల్లో శవాలు పడ్డాయి. ప్రశ్నలు అడిగినందుకు ఒక ముసలాయనకు విషమిచ్చారు. ఆయన దాన్ని మజ్జిగలా తాగాడు. కుర్ర రాజొకడు గుర్రమెక్కి మన దేశం దాకా వచ్చాడు. అతను పోయాక సముద్రం ఒడ్డున దీపస్తంభం, పుస్తకాల భవనం లేచాయి. చివరికి రోము సైనికులు వచ్చారు.

ఆఖరి పేజీ ఈనాటి ఏథెన్స్ గురించి. హెస్సా చదివింది. అద్దంలో వెనక వస్తున్న నీళ్ళ ట్యాంకరు మామూలుగా కనపడింది.

"ఏమైంది దీనికి?" అన్నాడు తిమ్మప్ప.

"ఈ ఊరు ఇంకా ఉంది కదా. అయిపోయినవే ఇందులో కనపడతాయి. నీకు తెలియదా?"

తిమ్మప్ప కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల ఆనించాడు. ఆ తర్వాత వచ్చిన రెండు ఉత్తరాలనూ కారులోనే చదివించుకున్నాడు. గోడ కనపడగానే చేతులెత్తి మొక్కాడు. శ్యామల కిసుక్కున నవ్వింది.

జూన్ మొదట్లో ఇంకో ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం, ఇంటివాళ్ళు నిద్రపోతున్నారు. శ్యామల వెనక కూర్చుని తల వంచుకుని చదివింది.

"నాకు రెండు దినాలు జరమొచ్చి, ఊళ్ళో సూది ఏపిచ్చుకుంటే తగ్గింది. నువ్వు దిగులుపడాకు. పాప తల దువ్వించుకోమంటే ఏడుచ్చాది..."

అద్దంలో ఆంజనమ్మ కూర్చుని ఉంది. వెనక ఇల్లు లేదు. వాకిలి లేదు. ఒడిలో పాప లేదు. ఆమె ఒక్కతే, గాలిలో దువ్వెన ఆడిస్తోంది. ఏదో అంటూ నవ్వుతోంది.

శ్యామల ఉత్తరం ముగించింది. అద్దంలో గోడ వచ్చింది.

"ఇంకొకసారి చదువు."

చదివింది.

"ఇంకొకసారి."

ఈసారి అతని గొంతులో తేడా విని శ్యామల తలెత్తి చూసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా చదివింది.

ఊళ్ళో చావు జరిగితే గల్ఫులో ఉన్నవాళ్ళకు చెప్పరు. ఒంటరిగా ఉంటాడు, తట్టుకోలేడని నెలల తరబడి దాస్తారు. తిమ్మప్ప కూడా ఒకసారి తోటి డ్రైవరు జహాంగీర్ దగ్గర వాళ్ళ నాన్న చావును నలభై రోజులు దాచాడు. అందుకే టెలిఫోన్ దగ్గరికి వెళ్ళినప్పుడు అవతల ఏమి వినపడబోతోందో అతనికి తెలుసు. బామ్మర్ది గంగులప్ప లైన్లోకి వచ్చాడు.

"బావా, బాగుండావా?"

"మీయక్కను పిలువు."

"అక్క కదిరికి పెండ్లికి పోయింది బావా."

"ఎవురి పెండ్లి?"

గంగులప్ప అవతల ఎవరితోనో గుసగుసలాడాడు.

"పాప ఎట్లుంది?"

"రొంత జరం. సూది ఏపిచ్చినాం."

"మీయక్కకు ఏపిచ్చినోని దగ్గరేనా?"

"అవు బావా" అని ఏడుపు వినిపించింది.

"పాపను ఇప్పుడే కడపకు ఎత్తుకపో. నేను వచ్చాండా."

పనివాళ్ళు మామా అని పిలిచే ఇంటావిడకు తిమ్మప్ప రెండు మాటల్లో చెప్పాడు. అద్దంలో చూశావా అని ఒక్కటే అడిగి, ఆమె బీరువా తెరిచి పాస్‌పోర్టు చేతికిచ్చింది. కాంట్రాక్టు మధ్యలో పోతే వీసా ఉండదని బాబా చెప్పాడు. తిమ్మప్ప సరేనన్నాడు.

పాపను కడప పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. ఇంకో రోజు ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. పాప బతికింది. తిమ్మప్ప వచ్చేసరికి ఆంజనమ్మను పూడ్చి ఐదు రోజులైంది.