జైరత్త వినేంత దూరంలో

జైరా సదూన్ పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి, కాల్చిన బార్లీ గింజల కాఫీ కాచుకు తాగి, తోలుసంచీలో కత్తెరా, ఉతికిన గుడ్డలూ, సబ్బుముక్కా సర్దుకునేసరికి మొంతెకూపో ఊరు ఇంకా ఆవలిస్తూ ఉండేది. ఆ కొండమీది ఊళ్లో మంత్రసాని ఆమె ఒక్కతే. నలభై ఏళ్లలోపు వాళ్లందరూ దాదాపు ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. అందుకే ఊరంతా ఆమెని జైరత్త అనేది.

ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్లెవరూ ఆమె వినేంత దూరంలో అబద్ధం ఆడలేరు. ఆడబోతే మాట బదులు పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపు వస్తుంది. ఇది ఆ ఊళ్లో అందరూ ఎరిగిన సంగతే.

"నీళ్లు కలిపావా నాయనా?" అని ఆమె పాలవాణ్ణి అడిగితే, వాడు "లేదత్..." అనబోయి, గుబురు మీసాల కిందనుంచి కేర్‌మనేవాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్లు గిన్నెలు చంకన పెట్టుకుని, "రేపైనా చిక్కటివి తే" అని ఎవరి దారిన వాళ్లు పోయేవారు. మొగుళ్ల మీద అనుమానం వచ్చిన పెళ్లాలు వాళ్లని చెయ్యి పట్టుకుని జైరత్త గుమ్మంలోకి లాక్కొచ్చేవారు. "మీ కాపురాల్లోకి నన్ను లాగకండే" అని ఆమె తలుపేసుకునేది. చర్చి ఫాదరు కూడా ఒకసారి, జనం పాపాలు చెప్పుకునే వేళకి కాస్త వచ్చి పక్కన కూర్చోమని అడిగాడు.

"నేను యూదురాలిని కదా ఫాదర్, మీ చర్చిలో నాకేం పని?"

"చెవులకి మతం ఏమిటమ్మా!" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో, ద్రాక్షలు కోసే రోజుల్లో, రోమ్ నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. యూదులు బళ్లలో పాఠాలు చెప్పకూడదు, సర్కారు కొలువుల్లో ఉండకూడదు. జైరత్త పురుళ్లు పోయకూడదు. పురపాలక కార్యాలయంలో గుమాస్తా ఒత్తొరీనో సర్కారు పార్టీవాళ్ల నల్లచొక్కా తొడుక్కుని, కూడలిలో బల్లెక్కి ఆ హుకుం చదవడానికి నిలబడ్డాడు. జైరత్త కూడా వినడానికొచ్చింది. అతను ఆమె చేతుల్లోకి కాళ్లు ముందు, తల తర్వాత వచ్చినవాడు. ఆ పురుట్లో తల్లీబిడ్డా ఇద్దరూ దక్కడమే గొప్ప అన్నారు.

"ఈ మనుషులు మనకి పరాయివాళ్లు, దేశానికి శత్రు..." దాకా వచ్చి ఒత్తొరీనో కేర్‌మన్నాడు. గొంతు సవరించుకుని మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ కేర్‌మన్నాడు. జనం నేలచూపులు చూశారు. మర్నాడు ఆ హుకుం గోడలకి అంటించారు. కాగితాన్ని ఏ మంత్రసానీ పుట్టించలేదు, అది హాయిగా అబద్ధం చెప్పింది.

ఆ తర్వాత జరిగినదే జైరత్తని ఎక్కువ కుంగదీసింది. జనం ఆమెని తిట్టలేదు, రాళ్లు వెయ్యలేదు. ఆమె ఎదుటపడడం మానేశారు. ఆమె వీధి చివర కనబడితే పక్క సందులోకి తిరిగేవారు. అలా ఆమెకి వినబడనంత దూరానికి వెళ్లాక, రేడియో చెప్పిందల్లా ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవారు. రొట్టె ధర పెరిగింది యూదుల వల్లేనట. యుద్ధం రాబోతోంది వాళ్ల వల్లేనట. అక్కడ ఏ గొంతూ ఏడుపుగా మారేది కాదు.

ఓ రోజు ఊరి బయట, గాడిదని తోలుకొస్తున్న అదెల్మోకి ఆమె అడ్డంగా నిలబడింది. అతను రైతు, ముప్పై దాటినవాడు, పుట్టిన రోజునే ఆమె వేలు కరుచుకు పట్టుకున్నవాడు.

"ఏరా, నన్ను చూసి తల తిప్పుకుంటున్నావు. నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదత్తా."

"మరి?"

అదెల్మో గాడిద చెవులకేసి చూశాడు. "భయం. నీతో మాట్లాడితే నా పేరూ రాసుకుంటారని." ఎవరో లోపలినుంచి తోస్తున్నట్టు మిగతాది కూడా చెప్పేశాడు. "నువ్వు వెళ్లిపోతే ఏటిగట్టు మీది నీ ద్రాక్షతోట నాకొస్తుందని ఆశ కూడా. నువ్వు చెడ్డదానివని నేనెప్పుడూ నమ్మలేదత్తా. నమ్మినట్టు ఉంటే సుఖంగా ఉంది, అంతే."

ఆమె "ఇన్నాళ్లకి ఒక్కడు కారణం చెప్పాడు" అని, అతని చొక్కాకి ఊడి వేలాడుతున్న గుండీ పైకి లాగి, "నీ పెళ్లాం ఇల్దాతో కుట్టించుకో" అని వెళ్లిపోయింది. అదెల్మో ఆ రోజు అన్నం ముట్టలేదు.

నలభై మూడు చలికాలంలో యూదుల్ని పట్టుకుపోవడం మొదలైంది. సియెనాలో ఉన్న జైరత్త చెల్లెలు కొరీన్నానీ, ఆమె మొగుణ్ణీ లారీ ఎక్కించారని కబురొచ్చిన పూటే అదెల్మో ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సంచీ తీసుకో అత్తా. మా ఇంటికి పోదాం" అన్నాడు. ఏడుపేమీ రాలేదు, మాటే వచ్చింది.

అతని ఇంటి కింద కొండరాతిని తొలిచిన ద్రాక్షసారా గది ఉంది. పీపాల వెనక ఆమెకి పరుపు వేశారు. అంతా అయ్యాక అదెల్మో తల్లి నున్సియాతకి అసలు చిక్కు తట్టింది.

"ఒరే, ఇది కిందుంటే పైన నీ నోరు పనిచెయ్యదు. ఎవడైనా వచ్చి అడిగితే?"

"మాట్లాడను. నువ్వు మాట్లాడమ్మా."

నున్సియాత జైరా కంటే పెద్దది, వేరే ఎవరి చేతుల్లోనో పుట్టింది. కోడలు ఇల్దాది పొరుగూరు. ఆ ఇంట్లో అబద్ధం ఆడగలిగినవాళ్లు ఈ ఆడవాళ్లిద్దరే. కానీ నున్సియాత ముసలితనం దాకా ఆ అలవాటు లేకుండానే బతికింది.

వాళ్లు రానే వచ్చారు. ఓ మధ్యాహ్నం పొరుగు జిల్లా అధికారి ఒకడు, ఇద్దరు తుపాకీవాళ్లతో తలుపు బాదాడు. "ఇంట్లో ఎవరెవరున్నారు?"

అదెల్మో ఆ వేళ గాభరాలో ఒప్పందం మర్చిపోయాడు. లోపలినుంచే, "మేం తప్ప ఎవరూ లే..." అన్నాడు. ఇల్లదిరేలా కేర్‌మని ఏడుపు లేచింది.

బయట చప్పుడాగిపోయింది. నున్సియాత కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. మరుక్షణం ఇద్దర్నీ మంచం మీదికి తోసి, అదెల్మో తలమీదుగా దుప్పటి లాగేసి, పొయ్యి మీది నీళ్లకుండ తీసి చేత్తో పట్టుకుని తలుపు ఓరగా తీసింది.

"మెల్లగా బాబూ. ఇప్పుడే పురుడొచ్చింది."

అధికారి మెడ చాచి చూశాడు. ఇల్దా జుట్టు విరబోసుకుని మూలుగుతోంది. దుప్పటి కింద ఏడుపు ఆగబోయింది. అప్పుడు అదెల్మోకి తోచింది, ఏడవడం తన చేతుల్లోనే ఉందని. గొణుగుతూ ఒకదాని వెనక ఒకటి అబద్ధాలు అందుకున్నాడు. ఏడుపు మళ్లీ మొదలైంది.

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

"మగాడే. అచ్చు వాళ్ల నాన్న గొంతు."

"పురుడు ఎవరు పోశారు?"

"నేనే చచ్చీచెడీ పోశాను. ఉన్న మంత్రసానిని మీవాళ్లేగా మానిపించారు!" నున్సియాత కుండ అతని ముందుకు చాపింది. "లోపలికొస్తావా? రా. నీళ్లు మోసిపెడుదువుగాని."

అధికారి టోపీ సవరించుకుని వెనక్కి అడుగేశాడు.

కింద, పీపాల వెనక, జైరత్త చీకట్లో కూర్చుని ఆ ఏడుపు విన్నది. ఏ పసివాడిదో వెంటనే పోల్చుకుంది. తన వేలు పట్టుకున్నవాడిదే. తెలియకుండానే చేతులు గుడ్డ కోసం వెతుక్కున్నాయి.

వాళ్లు వెళ్లిపోయాక అదెల్మో మెట్లు దిగి వచ్చాడు. గొంతు బొంగురుపోయింది.

"అంతసేపు ఏం అబద్ధాలు ఆడావురా?"

"నాకు భయం లేదన్నాను. ఆకలి లేదన్నాను. నేను మంచివాణ్ణన్నాను." అతను ఆమె పరుపు పక్కన కూర్చున్నాడు. "అవేవీ చాల్లేదు అత్తా, ఏడుపు సన్నబడిపోతోంది. అప్పుడు, కిందున్నది మాకేమీ కాదు అన్నాను. ఇక ఆగలేదు."

జైరత్త అతని తల ఒళ్లోకి తీసుకుంది. పైన నున్సియాత, తన జీవితంలో మొదటిసారి ఇన్ని అబద్ధాలాడినందుకు, ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ ఉల్లిపాయలు తరుగుతోంది.

మరుసటి ఏడు జూన్‌లో యుద్ధం ఆ కొండ దాటి ఉత్తరానికి వెళ్లింది. జైరత్త పైకొచ్చి సియెనా వెళ్లింది. చెల్లెలి ఇంటి తలుపు ఎవరో కొత్తవాళ్లు తీశారు. కొరీన్నా ఆ తర్వాతెప్పుడూ తిరిగి రాలేదు. జైరత్త ఒక్కతే మొంతెకూపో చేరి తన ఇల్లు ఊడ్చుకుంది.

అప్పుడు జనం రావడం మొదలెట్టారు. ఒకళ్లు గుడ్లు తెచ్చారు, ఒకళ్లు జున్ను తెచ్చారు. గుమ్మంలో నిలబడి అందరూ ఒకటే మాట ఎత్తుకునేవారు. "నేను మొదట్నుంచీ ఆ చట్టాలకి వ్యతిరేకమే అత్త..." అని. ఆ వారమంతా ఆ వీధి పురిటి ఏడుపులతో మోగిపోయింది. పెద్ద పెద్ద మగాళ్లు, నగలు పెట్టుకున్న ఆడవాళ్లు, గడపలో నిలబడి కేర్‌మన్నారు.

జైరత్త ఎవర్నీ తిట్టలేదు, తెచ్చినవి తీసుకోనూ లేదు. ఏడుపు సద్దుమణిగేదాకా ఓపిగ్గా ఆగి, "ఇంటికెళ్లి సరిగ్గా గుర్తు తెచ్చుకుని మళ్లీ రా" అని పంపేసేది.

కొందరు ఆ వీధివైపు మళ్లీ రాలేదు. చాలామంది వచ్చారు, ఈసారి ఉత్త చేతులతో. ఒక్కొక్కళ్లనీ ఆమె ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పిందంతా చివరిదాకా విన్నది.