చిమ్మిలి ముట్టని పిల్ల

మా అన్న కూతురు ఆదెమ్మ పెద్దమనిషి అయిందని గురజాల నుంచి కబురు రాగానే, చేతిలో పని చేతిలోనే వదిలేసి నువ్వులు వేయించడానికి కూర్చున్నాను. పుట్టిన రోజే నా కొడుకు హనుమంతరావుకు అనుకున్న పిల్ల. మేనత్త తెచ్చిన చిమ్మిలి తిన్నాకే మా వైపు ఏ పిల్లయినా పెళ్ళిపీటలెక్కేది. యుద్ధం ముగిసినా సరుకుల మీద కంట్రోళ్ళు పోని రోజులవి. అయినా మంచి బెల్లం సంపాదించి, రోట్లో నూనె ఊరేదాకా దంచి, గంపెడు ఉండలు చేసి, కారంపూడి నుంచి బండి కట్టించుకుని వెళ్ళాను.

తీరా వెళితే ఆ పిల్ల నోరు తెరవదు.

మూలన తాటాకు చాప మీద మోకాళ్ళలో తల దూర్చుకుని కూర్చుంది. పులగం పెడితే తింటోంది. నా చిమ్మిలి ఉండ చూస్తే మాత్రం పళ్ళు బిగిస్తోంది. పాటలు పాడటానికొచ్చిన అమ్మలక్కలు గుసగుసలు మొదలుపెట్టారు. అత్త చిమ్మిలి వద్దందంటే సంబంధమే వద్దన్నట్టు కదా. నాకు ఒళ్ళు మండింది. నేనసలే మెత్తని మనిషిని కాను.

"ఏమే ఆదీ, నా చెయ్యి అంత చేదయిందా? నా కొడుక్కేం తక్కువే?" అన్నాను.

"బావ మంచోడే" అని మళ్ళీ నోరు మూసుకుంది.

బయట అరుగు మీద మా అన్న వెంకట్రామయ్య పంతులుగారి చేత పంచాంగం తిప్పిస్తున్నాడు. వచ్చే మాఘంలో పెళ్ళి చేయాలని ఆయన తొందర. పిల్లకు పద్నాలుగు నిండలేదు. ఎవరికీ అది చిన్న వయసనిపించలేదు, నాకూ అనిపించలేదు.

పిల్లకేదో గాలి సోకిందని హడలిపోయి మా వదిన రామలక్ష్మి నర్సు ఇన్నాసమ్మను పిలిపించింది. గుంటూరు మిషనాసుపత్రిలో చదువు నేర్చి, ఊళ్ళో కాన్పులు చేసే మనిషి. మామూలు రోజుల్లో వసారా దాటనివ్వని మా వదిన ఆ రోజు తనే లోపలికి రమ్మంది.

ఇన్నాసమ్మ నాడి చూడలేదు, మందు ఇవ్వలేదు. ఎదురుగా చతికిలబడి, "ఎందుకు తినవమ్మా?" అని అడిగింది. అంత తేలిక ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

"అది తింటే కడుపొచ్చిద్ది" అంది ఆదెమ్మ.

గదంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"నవ్వుతారేంది? పక్కింటి కాంతమ్మ వాళ్ళ మేనత్త చిమ్మిలి తింది. ఏడాది తిరక్కముందే కడుపొచ్చింది. కాన్పులో చచ్చి బతికింది. నాకంటే ఒక్క ఏడాదే పెద్దది, ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తంది. నాకు భయం."

నవ్వులు ఆగిపోయాయి. కాంతమ్మ చిమ్మిలి తినడం, కడుపుతో ఉండటం, మంచం పట్టడం మేమందరం చూసినవే. మధ్యలో ఏం జరిగిందో ఆ పిల్లకు ఎవరం చెప్పాం గనక?

ఇన్నాసమ్మ గుమ్మంలో తచ్చాడుతున్న ఆడపిల్లలందరినీ లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. ముగ్గుపిండి తీసుకుని నేల మీద బోర్లించిన సొరబుర్రలాంటి బొమ్మ గీసి, గర్భసంచి అంది. నెలనెలా అయ్యేది పాపమూ కాదు, జబ్బూ కాదంది. గుడ్డలు ఉడకబెట్టి ఎండలో ఆరేసుకోవాలంది. బిడ్డ వచ్చేది ఆడా మగా కలిస్తేనే గానీ నువ్వుల వల్ల కాదని, తడబడకుండా, గొంతు తగ్గించకుండా చెప్పింది.

"మీ వయసులో నడుము ఎముక ఇంకా పెరగతానే ఉంటది. ఆ దారిన బిడ్డ రావాలంటే తల్లికీ గండం, బిడ్డకీ గండం. పద్దెనిమిది దాటనియ్యాల. ఇంకోటి. మీకిష్టం లేకుండా ఎవడన్నా చెయ్యి వేస్తే సిగ్గుపడి మూల కూర్చోబాకండి. అమ్మకి చెప్పండి. నాకు చెప్పండి."

నలుగురిని కన్నదాన్ని, నాకు అందులో సగం తెలియదు. పిల్లలు ఒక ప్రశ్న అడిగితే నేను రెండు అడిగాను.

"అయితే నర్సమ్మా, జంట అరటిపండు తింటే కవలలు పుడతారన్నది?"

"అదీ లేదమ్మా."

"మా అత్త నన్ను ఒక్కటన్నా నోట పెట్టనియ్యలేదు గదే" అన్నాను. ఈసారి ఆదెమ్మ కూడా నవ్వింది.

అంతలో మా అన్న తలుపు తోసి గుమ్మంలో నిలబడ్డాడు. "పిచ్చమ్మా, మాఘంలో మంచి ముహూర్తం కుదిరింది."

ఆదెమ్మ నవ్వు చచ్చిపోయింది. నా వంకే చూస్తోంది.

"ఈ మాఘం కాదన్నా. పిల్లకి పద్దెనిమిది రానియ్యి" అన్నాను.

అన్న మొహం మాడిపోయింది. "మగపెళ్ళివాళ్ళు వెనక్కి తగ్గితే ఊరేమంటది? పిల్లలో ఏదో లోపముందంటారు. నువ్వూ చేసుకోక, ఇంకెవరూ రాకపోతే దాని గతేంది?"

ఆయన అన్నదీ నిజమే. ఒట్టి మాటతో ఊరి నోరు మూతపడదు. నా చేతి బంగారు మురుగు ఊడదీసి చాప దగ్గరికి వెళ్ళాను.

"ముట్టుకోబాక వదినా, స్నానం కాలేదు. ఒళ్ళో పడెయ్యి" అని కంగారుపడింది రామలక్ష్మి.

"నా కోడలు. ఎందుకు ముట్టుకోను?" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అందరి ముందూ మురుగు తొడిగాను. "ఎవరన్నా ఏదన్నా అంటే కారంపూడి వచ్చి నాతో అనమను."

మురుగు మణికట్టు దగ్గర నిలవలేదు. ఆదెమ్మ చెయ్యి ఎత్తేసరికి జర్రున మోచేతి దాకా జారింది. మా అన్న ఆ సన్నటి చేతినే చూస్తూ ఉండిపోయాడు. కూతుర్ని ఆయన అంతసేపు చూడటం నేనెప్పుడూ ఎరగను.

"అది చేతికి పట్టినాక చూద్దాంలే" అని, పంతులుగారిని పంపేయడానికి బయటికి వెళ్ళాడు.

నా కళ్ళు నిండాయి, దాచుకోలేదు. ఎవరో పాట అందుకున్నారు. గది మళ్ళీ సందడిలో పడింది. ఆదెమ్మ మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. చెయ్యి పైకెత్తి మురుగును మోచేతి దాకా జార్చి, కిందికి దించి మళ్ళీ వేళ్ళ దాకా జార్చి, సాయంత్రం వరకూ ఆడుకుంటూనే ఉంది. చిన్నపిల్లే కదా.