కుడి అచ్చు తిరిగి రాలేదు

నేను ఒక చెప్పుల అచ్చును, ఎడమ కాలిది. సలహా చెప్పడానికి వచ్చిన మనిషి నా జోడును పట్టుకుపోయాడు, తిరిగి ఇవ్వలేదు. ఇందులో రెండో మాట లేదు.

చెప్పులు కుట్టే ఓదెలు తండ్రి మమ్మల్ని ఒకే చింతమొద్దు నుంచి చెక్కించాడు. ఆయన పోయాక ఓదెలు చేతికి వచ్చాం. అతను తడి తోలు మా మీద బిగించి, ఆరాక తీసేవాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. అవసరం పడలేదు.

చిన్న వృత్తులవాళ్ళకు వ్యాపారం నేర్పమని సర్కారు ఒక సంస్థకు గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బు సలహాకే, తోలుకు కాదు. అలా వచ్చాడు వినీల్ సారు.

"సంతను నమ్ముకుంటే లాభం లేదు ఓదెలూ. పట్నం దుకాణాలకు అమ్మాలి" అన్నాడు. తనే మాట్లాడి కరీంనగర్ దుకాణం నుంచి ఆర్డరు ఇప్పించాడు. సలహా మంచిదే. ఆ మాట చెప్పినంత మాత్రాన నేనతన్ని క్షమించినట్టు కాదు.

పోతూ పోతూ కుడి అచ్చును చేతిలోకి తీసుకున్నాడు. "ఆఫీసులో ప్రదర్శన ఉంది. సోమవారం పంపిస్తా."

ఆర్డరు ఇప్పించిన మనిషికి కాదని ఎలా చెప్పాలో ఓదెలుకు ఎవరూ సలహా ఇవ్వలేదు.

సోమవారాలు వచ్చాయి, పోయాయి. ఓదెలు ఆఫీసుకు వెళ్తే, ప్రదర్శన అయ్యేదాకా అద్దాల బీరువా తెరవకూడదన్నారు. ఇంట్లో ఎడమ చెప్పులు గుట్టపడ్డాయి. గడువు తప్పితే ఆర్డరు పోతుంది, మళ్ళీ సంతే గతి.

"కొత్తది చెక్కిద్దమంటే కర్ర పచ్చిగున్నది, ఎండకముందు వాడితే పగుల్తది. ఎట్లనే?" అన్నాడు భార్యతో.

"నీ కుడికాలున్నది గద! గదీ సారుకిచ్చినవా?" అంది రాజవ్వ.

కొలత సరిపోయింది. ఆనాటి నుంచి ఓదెలు తడి తోలు తన పాదానికే బిగించుకున్నాడు. ఆరేదాకా కదలడానికి లేదు.

"లేవకు, ముడత వడ్తది" అని కసురుతూనే రాజవ్వ ముద్దలు కలిపి పెట్టింది. పాదం పొక్కింది, కాలి తోలు ఊడింది. అతను కాలు తీయలేదు, పని ఆపలేదు. ఆర్డరు గడువులోపలే వెళ్ళింది. దుకాణంవాళ్ళు మళ్ళీ కావాలన్నారు.

ఎండిన కర్రతో వడ్రంగి కొత్త కుడి అచ్చు చెక్కి ఇచ్చాడు. ఇప్పుడు నా పక్కన అదే ఉంటోంది. తనకంటే ముందు ఇక్కడ ఎవరుండేవారని అడిగింది.

పని చూసుకో అన్నాను. మీకు చెప్పింది ఈ ఒక్కసారే. ఇక ఈ సంగతి నా నోట రాదు.