నౌషా కుర్చీ

"జర మెత్తగ చెయ్యి. బాలింత కూసుంటది," అంటూ యూనుస్ కుర్చీని వాకిట్లో దించి చేతులు దులుపుకున్నాడు. "ఎల్లుండి పొద్దుగాల కుల్చారం నుంచి బండి వస్తది. నిర్మలమ్మ దొరసాని కోడలు కాన్పయింది. పిల్లగాని అర్రల ఊగే కుర్చీ కావాల్నట. మా తాన ఉన్నదని మాటిచ్చిన. కింది దిమ్మెలు పీకితే ఊగుతది."

సాబెరా చేతిలో సగం అల్లిన పేము అలాగే ఆగింది. గడప పక్కన గోనెపట్టా మీద, గోడకు వీపు ఆనించి హాజిరా కూర్చుని ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన వాళ్లిద్దరి కూతురు. నెలలు నిండాయి. బాలింత కోసం మెత్తగా చెయ్యమన్న మనిషి కళ్లకు ఆ పిల్ల ఆనలేదు.

"కిరాయికా?" అని అడిగింది సాబెరా.

"కిరాయేంది? ఇచ్చుడే. దొరసాని ఖుష్ అయితే వాళ్లిండ్లల్ల పెండ్లిండ్లన్నీ మనయే."

మెదక్ బజారులో యూనుస్‌ది పెళ్లి సామాన్లు కిరాయికిచ్చే దుకాణం. పెళ్లిళ్ల నుంచి తిరిగొచ్చిన కుర్చీల కూర మరకలూ పాన్ ఉమ్ములూ కడిగేది సాబెరా. తెగిన పేము విప్పి మళ్లీ అల్లేది సాబెరా. అల్లిక బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే యూనుస్ "మా తాన మనుషులున్నరు" అనేవాడు. కొత్తలో ఆ మాటకు ఆమె మురిసింది కూడా. ఒక్కతే అయినా, మనుషుల్లో లెక్క కట్టాడు కదా అని.

ఈ కుర్చీ మాత్రం దుకాణానిది కాదు. సాబెరా పుట్టినప్పుడు ఆమె తండ్రి హమీద్ భార్య తాజ్ బీ కోసం చేసింది. ఆయనది వడ్రంగం. తాజ్ బీ పొట్టి మనిషి, కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలని కాళ్లు కురచగా కోశాడు. బిడ్డ తల పట్టుకున్న మోచేయి ఆనడానికి ఎడమ చేతిపట్టెను కాస్త దించాడు. తాజ్ బీ తన పిల్లలందరికీ అందులోనే పాలిచ్చింది. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు సాబెరాకు పెళ్లయితే, ఆమె వెంట అదీ అత్తారింటికి వచ్చింది.

వచ్చిన నెలలోనే యూనుస్ "ఒక్క పెండ్లికే, తెల్లారి తెచ్చి పెడ్త" అన్నాడు. సాబెరా సరేనంది. బలవంతమేమీ లేదు. ఆమెకూ వ్యాపారం తెలుసు, వాడని సామానుకు చెదలు పడతాయని నమ్మే మనిషే. ఆ ఒక్క సరే ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది. పెళ్లికొడుకు ఊగితే బాగుండదని ఊగే బద్దల కింద దిమ్మెలు కొట్టించాడు. పేము మీద చెక్క పరిచాడు, చెక్క మీద ఎర్ర మఖ్మల్ తొడిగాడు, చేతిపట్టెలకు ఇత్తడి సింహాలు బిగించాడు. పెళ్లికొడుకులు కూర్చునేది కనుక ఊరంతా దాన్ని నౌషా కుర్చీ అన్నది.

హాజిరా పుట్టినప్పుడు అడిగింది. "సీజన్ పోనియ్యి" అన్నాడు. సీజన్ పోయిందెప్పుడు? ఆషాఢంలో హిందువులకు పెళ్లిళ్లుండవు, సాయిబులకుంటాయి. మొహర్రంలో సాయిబులకుండవు, హిందువులకుంటాయి. రెండు మతాల నడుమ ఆ కుర్చీకి సెలవే దొరకలేదు. "నేల మీద కూసుంటే పాలు దిగయా?" అన్నది అత్త. దిగాయి. తర్వాతి పిల్లలకూ దిగాయి. నడుమే మిగల్లేదు. మళ్లీ అడగలేదు సాబెరా. అడిగి లేదనిపించుకోవడం కన్నా ఊరుకుంటే నష్టం తక్కువనుకుంది. అంత తెలివైన మనిషి అక్కడ లెక్క తప్పింది. తను అడగనిదల్లా అవతలివాడి లెక్కలో తను వదులుకున్నదే అయింది.

మర్నాడు వంట కాగానే పనిలో పడింది. మెత్తగా చెయ్యడమంటే దూది వెయ్యడమే కదా అని చెక్క మీద కొత్త దిండు పరిచి, హాజిరాను కూర్చోబెట్టి చూసింది.

"అమ్మీ, కాళ్లు ఆనుతలేవు," అని నవ్వింది హాజిరా, రెండు పాదాలూ గాల్లో ఆడిస్తూ. "నేనే నౌషాను. పూలదండ ఏదే?"

సాబెరా నవ్వలేదు. ఎంత దూది వేస్తే కుర్చీ అంత ఎత్తవుతోంది. దీనికి కలిపితే సుఖం రాదు, తీసేస్తే వస్తుంది. కూతుర్ని దింపి పట్కారు తెచ్చింది. మఖ్మల్ చింపకుండా విప్పింది. చెక్క లేపింది. దిమ్మెల మొలలు తుప్పుపట్టి ఒక పట్టాన రాలేదు. చివరగా ఎడమ సింహాన్ని ఊడదీస్తే, దాని కింద కట్టె నున్నగా, చిన్న గుంటలా అరిగి ఉంది. తాజ్ బీ మోచేయి ఆనిన చోటు. సాబెరా అందులో బొటనవేలు పెట్టి చూసింది.

పాత పేము కోసేసి, సాయంత్రం దాకా కొత్తది అల్లింది. కిరాయి కుర్చీలకు బిగించినట్టు కాక, ఒళ్లు కాస్త కుంగేట్టు వదులుగా అల్లింది. వీపుకు పలచని దిండు కుట్టింది. అయ్యాక చీర సవరించుకుని కూర్చోబోయింది.

పట్టలేదు. పక్కకు తిరిగి చూసింది, ఒళ్లు ముడుచుకుని చూసింది. పిల్లల్ని కన్న నడుము ఆ రెండు పట్టెల నడుమ దిగలేదు.

"లే అమ్మీ, ఇరుక్కుంటవ్!" అంది హాజిరా.

లేచింది. ఇన్నేళ్లూ, కుర్చీ ఎక్కడికి పోతుంది, ఒకనాడు కూర్చుంటానులే అనుకుంది. కుర్చీ ఎక్కడికీ పోలేదు. తన ఒళ్లే దాన్ని దాటి వచ్చేసింది. ఇవాళ హాజిరా గోనెపట్టా మీదే ఉండిపోతే, ఈ పిల్లకూ అంతే. సాబెరా కుర్చీని ఎత్తుకుని లోపలి అర్రలో పెట్టింది.

తెల్లారి బండి వచ్చింది. యూనుస్ దుకాణం వదిలి పరుగున వచ్చేసరికి బండిలో గోనెసంచి ఉంది. కుర్చీ విడగొట్టి కట్టారేమో అనుకుని మూతి విప్పాడు. దిమ్మెలు, చెక్క, మడత పెట్టిన మఖ్మల్, చింతపండుతో తోమిన సింహాలు.

"కుర్చీ ఏదే?"

"మీరు పెట్టినయన్నీ గా సంచిలనే ఉన్నయి. ఒక్క మొల గూడ ఉంచుకోలె," అంది సాబెరా.

"దొరసానికి మాటిచ్చిన!"

"మాట గూడ మీదేనాయె. దాన్ని గూడ బండెక్కియ్యుండ్రి."

బండి తోలుకొచ్చిన జీతగాడు తుండుతో మూతి కప్పుకున్నాడు. యూనుస్ మొహం ఎర్రబడింది. "ఇన్నొద్దులు లేనిది ఇయ్యాల ఏం బుట్టింది? నువ్వు కూసుంటవా దాంట్ల? పట్తవా?"

"పట్ట," అంది సాబెరా. "నా సీజన్ అయిపోయింది."

లోపలి అర్రలోంచి, నిదానంగా, కిర్రు... కిర్రుమని వినబడుతోంది.

"గదేం చప్పుడే?" అన్నాడు యూనుస్, గడప వైపు చూస్తూ.

అన్నేళ్లు ఊరంతా తిప్పిన కుర్చీ. అది ఊగితే ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు.