పద్దెనిమిది చెవులు

నారాయణయ్య సీతారామపురం నుంచి రెండు బస్సులు మారి ఆత్మకూరు వచ్చాడు. గోపిక బల్ల మీద యూరియా సంచి పెట్టి మూతి విప్పాడు. లోపల ఉప్పు చల్లిన గొర్రె చెవులు. ఒక్కో చెవికీ నంబరు వేసిన పచ్చ ప్లాస్టిక్ బిళ్ల. ఊళ్లలో వాటిని కమ్మలంటారు. ఆ కమ్మలు వేసింది గోపికే.

"పద్దెనిమిది ఉండాయమ్మా. పిడుగు ఒక్క దెబ్బకు తీసకపోయినాది. బీమా డబ్బుకు నువ్వు చెప్పినట్టే అన్నీ తెచ్చినాను."

నిజమే, అన్నీ తెచ్చాడు. ఫొటోలు, పశువుల డాక్టరు రిపోర్టు, ఊరివాళ్లు సంతకాలు పెట్టిన పంచనామా. చదువుకున్నవాళ్లకు నెల తిరిగినా దొరకని కాగితాలను నాలుగు రోజుల్లో సంపాదించాడు, పాపం. పిడుగు పడింది బుధవారమని ప్రతి కాగితంలోనూ స్పష్టంగా ఉంది.

గోపిక పనిచేసేది బీమా కంపెనీలో కాదు, బ్రోకరు దగ్గర. గొర్రెలంటే మామూలు కంపెనీలు ముఖం చాటేస్తాయి. చెన్నైలో జీవాలకే బీమా చేసే కంపెనీ ఒకటుంది. అదైనా ఐదొందల జీవాలు ఒకే జాబితాగా వస్తేనే చూస్తుంది. గోపిక ఊరూరా తిరిగి, కమ్మలు వేసి, జాబితా నింపి పంపాలి. అక్కడి అధికారి సరేనన్న రోజు నుంచే బీమా. అప్పటిదాకా ఆ కమ్మ ఉత్త ప్లాస్టిక్ ముక్క.

ఈ సంగతి ఆమె ఎవరికీ నోటితో చెప్పేది కాదు. చెబితే, ఆ సరే ఏదో వచ్చాకే రమ్మంటారు, జాబితా ఎన్నటికీ నిండదు. కాగితంలో రాసే ఉందిగా అని సర్దుకునేది.

నారాయణయ్య గొర్రెలకు కమ్మలు వేసింది సోమవారం. జాబితాకు ఇంకా నలభై తక్కువైతే వాటికోసం అనంతసాగరం పోయింది. అక్కడి మందలు మేత నుంచి తిరిగొచ్చేదాకా మూడు రోజులు కాచుకుంది. చెన్నై నుంచి సరే వచ్చింది శుక్రవారం.

అయినా ఫోన్ చేసింది. అవతలి మనిషి మర్యాదగానే తేదీలు అడిగి, కుదరదన్నాడు. గోపికకు ఏడుపు రావాలి. రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది. ఆ మొద్దుతనంలోనే నారాయణయ్యకు ఉన్నదున్నట్టు చెప్పింది. బతికిన ఇరవై రెండింటికీ ఇప్పుడు బీమా ఉందని కూడా చెప్పి, ఎందుకు చెప్పానా అనుకుంది.

ఆయన కేకలు వేయలేదు. సంచి మూతి నెమ్మదిగా కట్టాడు.

"కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదమ్మా. మా ఇంటామె కామాక్షమ్మ కోసినాది. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి కోసినాది. ఆమెకు నేనేం చెప్పేది? నువ్వొచ్చి చెప్తావా?"

గోపిక ఆఫీసుకు తాళం వేసి, సంచి తానే అందుకుంది. సీతారామపురం పోవడానికి ముందు ఉదయగిరి బస్సులో రెండు టికెట్లు తీసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. కామాక్షమ్మకు చెప్పడానికి ఒక మంచి మాట కోసం దారంతా వెతికింది. తప్పు కంపెనీది అనుకుంది, జాబితాది అనుకుంది, పిడుగుది అనుకుంది. ఏదీ నిలవలేదు.

సీతారామపురంలో ఇంటి ముందు కామాక్షమ్మ ఎదురొచ్చి, పనైందా అన్నట్టు చూసింది.

"కమ్మ వేసిన్నాడే నీకు చెప్పాల్సిన మాట ఒకటుండాదమ్మా," అంది గోపిక. "నేను చెప్పలేదు."