గొర్రె వేషం

నేను ఒక క్రిస్మస్ కార్డుని. శివకాశిలో అచ్చయి, గుంటూరులో ఒక స్టేషనరీ కొట్టు ముందు కట్టిన తాడు మీదికి చేరాను. నా మీద పశువుల తొట్టి, అందులో బాలయేసు, చుట్టూ కాపరులు ఉంటారు. ఒక గొర్రె మాత్రం నోటినిండా గడ్డితో, చూసేవాళ్ల వైపు తిరిగి ఉంటుంది. బొమ్మ గీసినాయనకు ఆ రోజు ఏం తోచిందో గాని, జనానికి అది నచ్చలేదు. పాటలు పాడే కార్డులూ, తళుకులద్దిన కార్డులూ నా పక్కనుంచే అమ్ముడుపోయేవి. పశువుల పాకలో పుట్టినవాడి కబురు చెప్పడానికి మనుషులకు అంత తళుకెందుకో మరి.

ఒక సాయంత్రం రిటైరైన నర్సు సలోమి, భర్త దేవదానంతో కలిసి వచ్చింది. పాస్టరుగారికి పెద్ద కార్డు, వియ్యాలవారికి అంతకన్నా పెద్దది ఏరింది.

"మీ ఎస్తేరుకో?" అన్నాడు దేవదానం.

సలోమి మొహం ముడుచుకుంది. చెల్లెలు ఎస్తేరు తన కొడుకు పెళ్లి హడావుడిలో అక్కను భోజనానికి పిలవలేదు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"దానికెందుకండీ? అన్నానికి లెమ్మని ఒక్క మాటనలేదు."

అంటూ తల తిప్పిన సలోమికి నేను కనిపించాను. కాసేపు చూసి, నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది. "ఏవండీ, ఇది అచ్చం మా ఎస్తేరే. చిన్నప్పుడు చర్చి నాటకంలో దానిది గొర్రె వేషం. తొట్టిలో గడ్డి నిజంగానే నమిలేసింది."

ఇంటికి తీసుకెళ్లి, కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి ఒక్క ముక్క రాసింది: "ఒసే గొర్రెపిల్లా, పండక్కి రా. అక్క."

తాడేపల్లిగూడెంలో ఎస్తేరు పిండి చేతులతోనే నన్ను విప్పింది. చదివింది. నవ్వలేదు. పొయ్యి కట్టేసి, స్టూలు మీద కూలబడి మళ్లీ చదివింది. తర్వాత లేచి, వేయించిన కజ్జికాయలు డబ్బాలోకి సర్ది, నన్ను చేతిసంచిలో పెట్టి బస్సెక్కింది.

సలోమి తలుపు తీయగానే ఎస్తేరు నన్ను పైకెత్తి చూపించింది. "ఎవర్నక్కా గొర్రె అంటున్నావు? గడ్డి తిన్నది నువ్వు. నేను దేవదూతని."

"నీ మొహం. నువ్వు దేవదూతవేంటే?"

"ఆ రాత్రి కడుపునొప్పని అమ్మ చేత వాము నీళ్లు కాయించుకుని తాగింది ఎవరు?"

"ముందు ఆ పిల్లని లోపలికి రానివ్వు," అన్నాడు దేవదానం వెనకనుంచి.

ఎస్తేరు గొంతు తగ్గింది. "పెళ్లిలో నిన్ను పిలవలేదక్కా. నువ్వు ఇంటిమనిషివి, నిన్ను వేరే పిలవాలని తోచలేదు."

సలోమి చెల్లెలి చేతిలోని డబ్బా అందుకుని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

గొర్రె ఎవరో చర్చికి బయలుదేరే వేళకు కూడా తేలలేదు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూపించుకోవడంలో నా నిండా కజ్జికాయల నూనె మరకలు పడ్డాయి. ఇక నన్నెవరూ ఎవరికీ పంపలేరు. హాయిగా ఈ ఇంట్లోనే ఉంటాను.